ఇంటి కప్పు ఖరీదెంత?

గాలివాన వెలిసిన మర్నాడు తీరప్రాంతపు పల్లె ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. పాకల మీద తాటాకు లేచిపోయి ఉంటుంది. పెంకుటిళ్ల మీద వాసాలు బయటపడి ఉంటాయి. రేకులు ఎగిరి పక్క పొలంలో పడి ఉంటాయి. ఆ పూట ఊరు ఊరంతా ఇల్లు నేసే మనిషి కోసమే వెతుకుతుంది. నిన్నటిదాకా పని కోసం ఎదురుచూసిన ఆయనకు ఇవాళ పది ఇళ్ల నుంచి పిలుపు. సహజంగానే కూలి పెరుగుతుంది. తాటాకు ధర, పెంకుల ధర కూడా పెరుగుతాయి. "కష్టంలో ఉంటే ఇలాగా అడగడం?" అని ఇంటివాళ్లు బాధపడతారు. "ఏడాదిలో నాకు పని దొరికేది ఈ నాలుగు రోజులే కదా" అని పనివాడు జవాబు చెబుతాడు.

ఇద్దరిలో ఎవరి మాట న్యాయం? ఈ తగాదా మన ఊళ్లో పుట్టినది కాదు, ఇవాళ్టిది అంతకన్నా కాదు. ఆరున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండులో ఇలాంటి గాలివానే వచ్చింది, ఇలాంటి తగాదాయే పుట్టింది. దాన్ని తీర్చడానికి సాక్షాత్తు రాజే పూనుకున్నాడు. ఆ తీర్పు ఏమైందో తెలుసుకుంటే ఇంటి కప్పు ఖరీదు దేనిమీద ఆధారపడుతుందో మనకు అర్థమవుతుంది.

రాజుగారి ఆజ్ఞ

ముందుగా లండను ఇళ్ల సంగతి. 1212లో ఆ నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. గడ్డి కప్పుల మీదుగా మంట ఇంటినుంచి ఇంటికి పాకింది. దానితో ఇక మీదట నగరంలో గడ్డి, రెల్లు కప్పులు కొత్తగా వేయరాదని, పెంకు, చెక్కపలక, సీసం వంటివే వాడాలని కట్టుబాటు చేశారు. అలా కాల్చిన మట్టి పెంకుకు, దాన్ని పేర్చే పనివాడికి గిరాకీ ఏర్పడింది.

తరువాత 1348-49లో ప్లేగు మహమ్మారి వచ్చింది. ఇంగ్లండు జనాభాలో కనీసం మూడోవంతు మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. మిగిలిన పనివాళ్లు తక్కువ, పని ఎక్కువ. వాళ్లు హెచ్చు కూలి అడగసాగారు. భూస్వాములు రాజుకు మొరపెట్టుకున్నారు. మూడవ ఎడ్వర్డు రాజు 1349లో ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం చేయించాడు. ఏ వృత్తివాడు రోజుకు ఎంత తీసుకోవాలో ఆ చట్టంలో రాసి ఉంది. పెంకులు పేర్చేవాడికి 3 పెన్నీలు, అతనికి అందించే కుర్రవాడికి ఒకటిన్నర పెన్నీ. గడ్డితో ఇల్లు కప్పేవాడికీ అంతే. (ఆ రోజుల్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు.)

ఇంతలో 1362 జనవరి మధ్యలో భయంకరమైన పెనుగాలి వీచింది. నార్విచ్ పట్టణంలోని పెద్ద చర్చి శిఖరం కూలిపోయింది. లండనులో లెక్కలేనన్ని ఇళ్ల పెంకులు ఎగిరిపోయాయి. పెంకుల ధర, పనివాళ్ల కూలి ఒక్కసారిగా పైకి లేచాయి. గాలివాన వచ్చిందన్న సాకుతో ఎవరూ ధర పెంచరాదు, కూలి పెంచరాదు, అంతకు ముందున్న రేటునే తీసుకోవాలి అని రాజు ఆజ్ఞ జారీచేశాడు.

ఆజ్ఞ పనిచేసిందా?

పనిచేయలేదనే చెప్పాలి. ఫెల్ప్స్ బ్రౌన్, షీలా హాప్కిన్స్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు దక్షిణ ఇంగ్లండులో పాత జమాఖర్చుల పుస్తకాలు వెతికి, ఇళ్లు కట్టే పనివాళ్లకు ఏడు వందల ఏళ్ల పాటు ఎంత కూలి ముట్టిందో లెక్కగట్టి 1955లో ప్రచురించారు. ఆ లెక్క ప్రకారం 1350 నాటికి నేర్పరి పనివాడి రోజు కూలి సుమారు 3 పెన్నీలు. 1360 నాటికి 5 పెన్నీలు. 1412 నాటికి 6 పెన్నీలు. చట్టం పుస్తకంలో 3 పెన్నీలు అని ఉండగానే చేతికి ముట్టే కూలి అరవై ఏళ్లలో రెట్టింపయింది!

కారణం ఏమిటి? ధాన్యం తక్కువైతే పక్క దేశం నుంచి తెప్పించుకోవచ్చు. కాని కప్పు పనివాణ్ణి అలా రాత్రికి రాత్రే తయారుచేయలేం. వాలు కప్పు మీద కాలు జారకుండా నిలబడడం, కింది వరుస నుంచి పైకి పేర్చుకుంటూ పోవడం, నీరు ఏ సందున దిగుతుందో చూడగానే పసిగట్టడం, ఇవన్నీ కొన్నేళ్లు ఒక పెద్దవాడి దగ్గర నేర్చుకోవలసిన విద్యలు. అలాంటివాళ్లు కొద్దిమందే ఉండి, పిలిచే ఇళ్లు వందల్లో ఉన్నప్పుడు ఇంటివాళ్లే ఎక్కువ ఇచ్చి పిలుచుకుపోయారు. పైగా ఆ చట్టం పనివాళ్ల మనసుల్లో కసి మిగిల్చింది. 1381లో ఇంగ్లండులో చెలరేగిన రైతుల తిరుగుబాటుకు ఈ కూలి చట్టాలు కూడా ఒక కారణం.

దీన్నిబట్టి కప్పు ఖరీదులో సరుకు ధర ఒక భాగం మాత్రమేనని, మనిషి చేతి పని రెండో భాగమని తెలుస్తోంది. మూడో భాగం కూడా ఉంది. అది కాలం. అంటే, ఆ కప్పు ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నది. కూలిని ఆజ్ఞతో తగ్గించలేనప్పుడు, ఒకసారి వేసిన కప్పు ఎక్కువ కాలం నిలిచేట్లు చేయడమే దారి.

మట్టికి చట్టం

1477లో ఇంగ్లండులో మరో చట్టం వచ్చింది. ఈసారి చట్టం కూలి జోలికి పోలేదు, పెంకు జోలికి వెళ్లింది. సాదా పెంకు పొడవు పదిన్నర అంగుళాలు, వెడల్పు ఆరుంపావు అంగుళాలు, మందం అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు ఉండాలని నిర్ణయించింది. ఆపైన మట్టిని నవంబరు 1 లోపు తవ్వాలని, ఫిబ్రవరి 1 లోపు తిరగవేయాలని, మార్చి 1 వరకు పెంకు చేయడం మొదలుపెట్టరాదని, మట్టిలోంచి రాళ్లు, సుద్ద ఏరివేయాలని రాసింది.

ఈ తేదీల వెనక చక్కని విజ్ఞానం ఉంది. తవ్విన మట్టి చలికాలమంతా ఆరుబయట ఉంటే దానిలోని నీరు గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని మీకు తెలుసు. ఆ ఒత్తిడికి మట్టిపెళ్లలు లోలోపల చిట్లి మెత్తబడతాయి. తిరగవేసినప్పుడు రాళ్లు బయటపడతాయి. మరి సుద్ద ఎందుకు పనికిరాదు? సుద్ద అంటే కాల్షియం కార్బొనేటు. ఆవంలో కాలినప్పుడు అది పొడిసున్నంగా మారుతుంది. పెంకు కప్పెక్కాక వానకు తడిస్తే ఆ సున్నం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. బఠాణీ గింజంత సున్నం చాలు, పెంకును లోపలినుంచి పగలగొట్టడానికి!

కొలత ఒకటే కావడం వల్ల ఇంకో లాభం ఉంది. ఒక పెంకు పగిలితే ఎవరు చేసిన పెంకునైనా తెచ్చి ఆ చోట దూర్చవచ్చు. కప్పంతా విప్పనక్కరలేదు. రాజు ఆజ్ఞ చేయలేని పనిని కొలబద్ద కొంతవరకు చేసింది.

అరవై చోట పదిహేను

అయినా చేతి పని పెద్దగా తగ్గలేదు. సాదా పెంకు బల్లపరుపుగా ఉంటుంది. రెండు పెంకుల మధ్య సందులోంచి నీరు దిగకుండా పై వరుసను కింది వరుస మీదకి బాగా జరిపి వేయాలి. అలా కప్పు మీద ప్రతిచోటా కనీసం రెండు పొరలు పడతాయి. ఒక చదరపు మీటరుకు దాదాపు 60 పెంకులు కావాలి.

1841లో ఫ్రాన్సులోని ఆల్సేస్ ప్రాంతంలో గిలార్డోనీ సోదరులు కొత్తరకం పెంకుకు పేటెంటు తీసుకున్నారు. ఈ పెంకు అంచుల్లో గాడి, గట్టు ఉంటాయి. ఒకదాని గట్టు పక్కదాని గాడిలో కూర్చుంటుంది. సందులోకి వచ్చిన నీరు గాడి వెంట కిందికి జారిపోతుంది. కాబట్టి రెండు పొరల అవసరం లేదు. ఒక చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు చాలు. అంటే పనివాడి చెయ్యి అరవైసార్లు వంగవలసిన చోట పదిహేనుసార్లు వంగితే సరిపోతుంది. కప్పు బరువు తగ్గుతుంది కనక కింద కలప కూడా తక్కువ పడుతుంది.

ఈ పెంకు మన దేశానికి వచ్చింది. బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ 1865లో మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. నేత్రావతి నది ఒడ్డున మంచి బంకమట్టి ఉంది. కాల్చడానికి కట్టె, ఎగుమతికి రేవు దగ్గరలోనే ఉన్నాయి. మంగుళూరు పెంకులు ఓడలెక్కి దూరతీరాలకు చేరాయి. మన పల్లెల్లో బెంగుళూరు పెంకులని కూడా పిలిచేవి ఇవే.

వీటికి ముందు మన ఇళ్ల మీద ఉన్నది నాటు పెంకు. కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి కాల్చేవాడు. తేలికగా ఉండే ఈ చిన్న పెంకులు గాలికి, పిల్లులకు, కోతులకు కదిలిపోయేవి. ఏటా తొలకరికి ముందు పెంకులు దించి, పగిలినవి తీసేసి, మళ్లీ నేయించవలసి వచ్చేది. ఫ్యాక్టరీ పెంకు ఇంటివాళ్లకు ఆ ఖర్చు తగ్గించింది. అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఇంటివాళ్లకు మిగిలిన ఆ ఖర్చు ఊళ్లోని కుమ్మరికి, పెంకు నేసేవాడికి అంతవరకు ఏటేటా అందుతున్న ఆదాయం.

చవక కప్పు నిజంగా చవకేనా?

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు ఊహకు మాత్రమే. ఒక పూరికప్పు వేయడానికి 100 రూపాయలు, అది నిలిచేది 3 ఏళ్లు అనుకోండి. పెంకు కప్పుకు 600 రూపాయలు, చిల్లర మరమ్మతులకు ఏడాదికి 5 రూపాయలు అనుకోండి. 30 ఏళ్లలో పూరికప్పును 10 సార్లు వేయాలి, ఖర్చు 1,000 రూపాయలు. పెంకు కప్పుకు 600, మరమ్మతులకు 150, మొత్తం 750. అంటే చవక అనుకున్నదే ఖరీదైనది. మరి పేదవాడు పెంకు ఎందుకు వేయించుకోడు? అతని చేతిలో ఒక్కసారిగా 600 ఉండవు, 100 ఉంటాయి. లెక్క తెలియక కాదు, పెట్టుబడి లేక అతను ఎక్కువ చెల్లిస్తున్నాడు. కప్పు ఖరీదులో అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే.

ఈ ఇబ్బందిలోకే సిమెంటు రేకు ప్రవేశించింది. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ ఆస్‌బెస్టాస్ పీచును సిమెంటుతో కలిపి రేకులు చేసే పద్ధతికి 1901లో పేటెంటు పొందాడు. రేకు చవక, కాలదు, తుప్పు పట్టదు, ఒక్కరోజులో కప్పు పూర్తవుతుంది. అందుకే ప్రపంచమంతా పాకింది. కాని ఆ పీచు ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్‌బెస్టాసిస్, క్యాన్సర్ వస్తాయి. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టవచ్చు. 50కి పైగా దేశాలు ఆస్‌బెస్టాస్‌ను నిషేధించాయి. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా ఈ ఖనిజాన్ని తవ్వేవారు. 1986లో ఆస్‌బెస్టాస్ గనులకు కొత్త లీజులు ఇవ్వడం మన ప్రభుత్వం ఆపింది. అయినా దిగుమతి చేసుకున్న పీచుతో రేకుల తయారీ ఆ తర్వాత కూడా సాగింది. రేకు కొన్నవాడి రసీదులో ఈ జబ్బు ఖరీదు కనిపించదు. గనిలో, ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, రేకును కోసినవాడు దాన్ని చెల్లిస్తారు.

మరి ఉన్న పూరికప్పునే బాగుచేసుకునే దారి లేదా? ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ గడ్డి కప్పు మీద, తారు కలిపిన మట్టిపూత వేసే పద్ధతిని రూపొందించింది. వానకు అంత సులభంగా కరగని ఈ పూత నిప్పురవ్వను గడ్డికి తగలనీయదు, కప్పు ఆయుర్దాయాన్నీ పెంచుతుంది. విచిత్రమేమిటంటే, అప్పటికే ఉన్న గడ్డి కప్పులకు పూత పూయాలని 1212 నాటి లండను కట్టుబాటు కూడా చెప్పింది!

మీరు చేయగల పని

ఈ సెలవుల్లో మీ ఇంటి కప్పు చరిత్ర రాయండి. మీ తాతయ్యను, అమ్మమ్మను అడగండి. మొదట ఏ కప్పు ఉండేది? ఎన్నేళ్లకు మార్చారు? ఎంతమంది ఎన్నిరోజులు పనిచేశారు? సరుకుకు ఎంత, కూలికి ఎంత అయింది? మొత్తం ఖర్చును కప్పు నిలిచిన ఏళ్లతో భాగించండి. ఏడాదికి ఎంత పడిందో వస్తుంది. ఒక్క జాగ్రత్త: కొలతల కోసం కప్పు ఎక్కవద్దు, పాత సిమెంటు రేకులను విరవవద్దు, కోయవద్దు.

ఆ తరువాత మీ ఊళ్లో ఇల్లు నేసే పెద్దాయనను కూడా ఒకసారి కలవండి. ఏడాదిలో ఆయనకు పని ఉండే రోజులెన్నో, కప్పు మీంచి ఎన్నిసార్లు జారిపడ్డాడో అడగండి. ఆ జవాబులు కూడా మీ లెక్కలో రాసుకున్నాక, గాలివాన మర్నాడు ఆయన అడిగే కూలి న్యాయమో కాదో మీరే తేల్చండి.