పనిచోట రక్షణ: ఒక పల్లె కార్యకర్త వల్ల వచ్చిన చట్టం

శిక్షణల్లో మనం వినే 'విశాఖ తీర్పు'కూ మన విశాఖపట్నానికీ సంబంధం లేదు. అది కేసు వేసిన రాజస్థాన్ మహిళా సంస్థ పేరు.

1992లో అక్కడి భటేరీ గ్రామంలో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసే భంవరీదేవి ఒక బాల్యవివాహాన్ని ఆపబోయింది. కక్షగట్టి ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

మహిళా సంస్థలు వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, పనిచోట ఆడవాళ్ల రక్షణ యజమాని బాధ్యతేనని తేల్చింది. 2013లో చట్టం వచ్చింది. 10 మంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైనా, యజమానే తప్పు చేసినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. 3 నెలల్లోగా ఫిర్యాదివ్వాలి. రాయడం రాకపోతే కమిటీవాళ్లే సాయం చేయాలి.

ఊళ్లు తిరిగే మన కార్యకర్తలకూ, కూలికెళ్లే అక్కచెల్లెళ్లకూ ఈ మాట చేరవేద్దాం.