చక్రము చెప్పు లెక్క

కరీంనగరము నుండి పెద్దపల్లికి పోవు రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్ గలదు. పూర్వము కరీంనగరము జిల్లాలో నుండిన ఈ ఊరు 2016 నుండి పెద్దపల్లి జిల్లాలోనిది. వరికోతల కాలమున ఈ ప్రాంతపు రోడ్ల అంచున రైతులు ధాన్యము ఆరబోయుదురు. బండ్లకు మిగులు దారి సన్నమగును. అట్టి చోట బండి నడుపువానికి తన వేగము సరిగా తెలియుట ప్రాణములకు సంబంధించిన సంగతి. మీటరులో 60 అని కనబడినచో వేగము నిజముగా 60 అగునా? ఈ ప్రశ్నకు మీటరు తనంతట తాను బదులు చెప్పజాలదు. ఎందుకు చెప్పజాలదో తెలియుటకు కొలతల చరిత్రను కొంత తిరుగవేయవలసియున్నది.

మన పెద్దలు దూరమును కోసులలోను, ఆమడలలోను చెప్పుకొనిరి. ఒక సీమ కోసు మరొక సీమ కోసుతో సరిపడెడిది కాదు. చక్రము తిరిగిన చుట్లను లెక్కించి దూరమును తెలిసికొను ఉపాయమును రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమునందే వర్ణించెను. ఆయన చక్రపు చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. అది 400 మార్లు తిరిగిన 5000 అడుగులు, అనగా ఒక రోమను మైలు. మైలు పూర్తియైనప్పుడెల్ల ఒక గులకరాయి పాత్రలో పడును. మన దేశమున బాటలను కొలిచిన సర్వే ఉద్యోగులు దొర్లించుకొనిపోయిన పెరాంబులేటరు అను కొలత చక్రము దీని సంతతిదే.

కాని చక్రము ఎగుడుదిగుళ్ళను కూడ దూరముగానే లెక్కించును. కనుక దేశపటమునకు అంతకంటె నమ్మకమైన ఆధారము కావలసివచ్చెను. 1802లో మద్రాసు సమీపమున విలియం లాంబ్టన్ ఆరంభించిన మహాసర్వే 1815 నాటికి నైజాము రాజ్యమున బీదరు ప్రాంతమునకు చేరెను. లాంబ్టన్ వద్ద నూరేసి అడుగుల ఉక్కు గొలుసులు రెండు ఉండెను. ఒకదానితో నేలను కొలిచి, రెండవదానిని వాడక భద్రపరచి, మొదటిదానిని దానితో సరిచూచుచుండెను. ఎండకు ఉక్కు సాగును గనుక ఉష్ణమాపకములను దగ్గర నుంచి లెక్కను సవరించెను. ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పనిచేసి విషజ్వరము పాలయ్యెను. గొలుసును కూడ మరియొక గొలుసుతో పరీక్షింపక నమ్మరాదనునదే ఆ సర్వే మనకు నేర్పిన పాఠము.

మోటారు బండ్లు వచ్చిన పిమ్మట దూరముతో పాటు వేగమును గూడ తెలిసికొనవలసివచ్చెను. 1902లో జర్మను ఇంజనీరు ఆటో షుల్జె ఒక మీటరునకు పేటెంటు పొందెను. గేరుపెట్టె నుండి వచ్చు మెలికల తీగ ఒక అయస్కాంతమును త్రిప్పును. దాని చుట్టునున్న అల్యూమినియపు గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి గిన్నెను వెంట లాగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టును. ఈ రెంటి పెనుగులాటలో ముల్లు ఎచట నిలుచునో అదే వేగము. 1932లో నైజాము రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిన కాలమునకు మోటారు బండ్లలో ఇట్టి మీటర్లే వాడుకలో నుండెను. 1956 నాటి తూనికలు కొలతల చట్టము తరువాత మన దేశమున మైళ్ళు క్రమముగా కిలోమీటర్లకు చోటిచ్చెను.

నేటి డిజిటల్ మీటరులో మెలికల తీగ లేదు. చక్రమునకు గాని, ఇంజను శక్తిని వెనుక ఇరుసునకు అందించు కడ్డీకి గాని చిన్న అయస్కాంతములను బిగింతురు. దాని యెదుట నుండు సెన్సరు ఒక్కొక్క అయస్కాంతము దాటినప్పుడెల్ల ఒక విద్యుత్ స్పందనమును పంపును. మీటరు ఎరిగినది ఈ స్పందనముల సంఖ్యయే. రోడ్డును అది చూడలేదు. కిలోమీటరునకు ఎన్ని స్పందనములో దానికి మనుష్యుడే చెప్పవలెను.

విడిభాగములను కొనితెచ్చి ఇంటనే కూర్చుకొను కార్లు ఇంగ్లండులో ప్రసిద్ధములు. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ అట్టిది. మన ప్రాంతమున దానికి దగ్గరైనది పాత జీపును విప్పి మరల కట్టుట. ఇట్టి మార్పులకు రిజిస్ట్రేషను అధికారుల అనుమతి అవసరము. అట్టి బండికి మీటరు అమర్చునపుడు మొదట చక్రమును కొలువవలెను. టైరులో సరియైన గాలి నింపి, మనిషి కూర్చుండగా, టైరు మీదను నేల మీదను సుద్దతో గురుతు పెట్టి, పది చుట్లు దొర్లించి ఆ దూరమును పదిచేత భాగింపవలెను. చుట్టుకు 1.90 మీటర్లు వచ్చినచో కిలోమీటరునకు 526 చుట్లు. చక్రమునకు నాలుగు అయస్కాంతములున్నచో సుమారు 2105 స్పందనములు. సెన్సరును కడ్డీ వద్ద బిగించినచో ఇరుసు పండ్లచక్రముల నిష్పత్తిని గూడ లెక్కించవలెను. సెన్సరు తీగ స్పార్కుప్లగ్గుల తీగల ప్రక్కగా పోయినచో దొంగ స్పందనములు చేరి, అంకె ఊరక ఎగిరిపడును.

పిమ్మట పరీక్ష. వాహనముల రద్దీ లేని వేళ, సరిగా కొలిచియుంచిన కిలోమీటరు మీద, మీటరు 60 చూపుచుండగా నిలకడగా పోవలెను. ప్రక్కన కూర్చున్నవారే గడియారమును చూడవలెను. సరిగా 60 సెకండ్లు పట్టినచో మీటరు నిజము చెప్పినది. 64 సెకండ్లు పట్టినచో నిజవేగము 56.25 మాత్రమే. ఉపగ్రహముల నుండి వేగమును తెలుపు ఫోనుతోను సరిచూడవచ్చును. ఇది లాంబ్టన్ రెండవ గొలుసు వంటిది.

ఇంత శ్రమ ఎందులకని కొందరడుగవచ్చును. అదే బండికి తరువాత చుట్టుకొలత 2 మీటర్ల పెద్ద టైర్లు వేసి, మీటరులో పాత లెక్కనే ఉంచినారనుకొందము. బండి 60 మీద పోవుచుండగా మీటరు 57 మాత్రమే చూపును. మూడేగదా యనరాదు. బ్రేకు ఆపవలసిన శక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక భారము దాదాపు నూటికి పదకొండు వంతులు అధికమగును. నడుపువాడు ఆ సంగతి నెరుగడు. అందులకే ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 39వ నిబంధన, మీటరు నిజవేగము కంటె తక్కువ చూపనేరాదనియు, ఎక్కువ చూపినను నిజవేగములో పదవ వంతునకు 4 కిలోమీటర్లు కలిపినంతకు మించరాదనియు విధించినది. టైరు అరిగినచో మీటరు కొంత ఎక్కువ చూపును. అది మనలను నెమ్మదింపజేయు తప్పు. పెద్ద టైరు చేయించు తప్పు మనలను తొందరపెట్టునది.

వెలుగుచున్న అంకెలను చూచి వాటిని ప్రమాణముగా గ్రహించుట మనకు అలవాటైనది. దశాంశము వరకు చూపు అంకె కూడ, మొదట ఎవరో సుద్దముక్కతో నేల మీద గీచిన గురుతు ఎంత సరియో అంతే సరి. కనుక టైరు మార్చిన ప్రతిసారి మరల కొలువుడు. గడియారము పట్టిన మనుష్యుని సాక్ష్యము లేనిదే మీటరు మాటకు విలువ లేదు.