ఎవరూ రాని వరసల కోసం

క్రిస్మస్‌కి అమెరికాలో ఇంటి తలుపులకు తగిలించే రీత్‌లను మనవాళ్లందరూ చూసే ఉంటారు. ఫర్ చెట్టు కొమ్మలను గుండ్రంగా కట్టి ఎర్ర రిబ్బను ముడివేస్తారు. 1992లో మెయిన్ రాష్ట్రంలోని హారింగ్టన్ అనే చిన్న ఊళ్లో వాటిని తయారుచేసే మోరిల్ వూస్టర్ దగ్గర, సీజన్ అయిపోవస్తుండగా దాదాపు 5,000 రీత్‌లు మిగిలిపోయాయి. పన్నెండేళ్ల వయసులో ఇంటింటికీ పేపరు వేసే రోజుల్లో ఆయన బహుమతిగా వాషింగ్టన్ యాత్ర గెలుచుకున్నారు. అప్పుడు చూసిన, వర్జీనియాలోని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం ఆయన మనసులోంచి పోలేదు. మిగిలిన సరుకును అక్కడికి పంపుతానని తమ రాష్ట్ర కాంగ్రెస్ సభ్యురాలు ఒలింపియా స్నో ద్వారా అనుమతి అడిగారు.

నన్ను కదిలించేది ఆ రీత్‌లు చేరిన చోటు. పేరున్న జనరళ్ల దగ్గరికి కాదు, ఏటికేడు చూడవచ్చేవాళ్లు తగ్గిపోతున్న ఒక పాత విభాగానికి వాటిని తీసుకెళ్లారు. ఒక స్థానిక ట్రక్కుల యజమాని బండి ఇచ్చాడు. మాజీ సైనికులు కూర్చుని ఒక్కో రీత్‌కీ చేత్తో రిబ్బను కట్టారు. పేపర్లలో పెద్ద వార్తేమీ కాలేదు. ఏటా డిసెంబరులో అదే పని నిశ్శబ్దంగా సాగింది.

ఆ పాత వరసలు ఎలా పుట్టాయో తెలిస్తేనే ఈ పని విలువ తెలుస్తుంది. ఆర్లింగ్టన్ కొండ అమెరికా అంతర్యుద్ధానికి ముందు సైన్యాధికారి రాబర్ట్ ఇ. లీ భార్య కుటుంబం ఎస్టేటు. లీ దక్షిణాది సైన్యం వైపు వెళ్లాక ఉత్తరాది ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. వాషింగ్టన్ ఆసుపత్రుల్లో రోజూ కుర్రాళ్లు చనిపోతుంటే పాతిపెట్టడానికి చోటు చాలక ఆ నేలను తవ్వారు. 1864 మే 13న అక్కడ ఖననం చేసిన మొదటి సైనికుడు విలియం క్రిస్ట్‌మన్. పెన్సిల్వేనియా దళంలో మామూలు సిపాయి, జబ్బు చేసి పోయాడు. శవాన్ని సొంత ఊరికి తెప్పించుకునే స్తోమత ఉన్నవాళ్లు తెప్పించుకున్నారు. లేనివాళ్ల బిడ్డలు ఇక్కడ మిగిలారు. మొదట్లో సమాధికి గుర్తు రంగు వేసిన చెక్కపలకే. కొన్నేళ్లకే పుచ్చిపోయేది. శాశ్వతమైన రాళ్లకు 1873లో గానీ కాంగ్రెస్ డబ్బు మంజూరు చేయలేదు.

క్రిస్ట్‌మన్ ఉన్న 27వ విభాగంలోనే నల్లజాతి సైనికులున్నారు. బానిసత్వం నుంచి బయటపడి వాషింగ్టన్ చుట్టుపక్కలికి చేరి, అక్కడే కన్నుమూసిన దాదాపు 3,800 మంది కూడా అక్కడే ఉన్నారు. వాళ్ల రాళ్ల మీద హోదా ఉండదు, రెజిమెంటు ఉండదు. పేరు కింద 'పౌరుడు' అని చెక్కి ఉంటుంది. లీ గారింటి గులాబీ తోట పక్కన ఇంకో సమాధి ఉంది. యుద్ధభూముల్లో దొరికిన, ఎవరివో తెలియని 2,111 మంది అవశేషాలను 1866లో అందులో కలిపి ఉంచారు.

సైనికుల సమాధులను అలంకరించడం ఈ దేశానికి కొత్త కాదు. 1868లో జనరల్ జాన్ లోగన్ ఆజ్ఞతో మే 30ని పూలు పెట్టే రోజుగా పాటించారు. ఇప్పటి మెమోరియల్ డే అదే. అది పూలు పూసే కాలం. డిసెంబరులో నేలంతా గడ్డకట్టి, చెట్లు మోడువారి ఉంటాయి. అప్పుడు పచ్చగా నిలిచేది ఫర్ కొమ్మే. మెయిన్‌లో గట్టి చలి రెండు మూడు సార్లు పడేదాకా కొమ్మలు విరవరు. చలి తగిలితేనే ఆకు రాలకుండా నిలుస్తుంది.

2005లో మంచు కప్పిన రీత్‌లు, తెల్లరాళ్లు ఉన్న ఫొటో ఒకటి ఇంటర్నెట్‌లో దేశమంతా పాకింది. మరుసటి ఏడాదే 150కి పైగా చోట్ల ఒకే సమయంలో రీత్‌లు పెట్టారు. 2007లో 'రీత్స్ అక్రాస్ అమెరికా' సంస్థ ఏర్పడింది. 2014లో ఆర్లింగ్టన్‌కే 2 లక్షల 26 వేలకు పైగా రీత్‌లు వచ్చాయి. ఆ సంస్థ రీత్‌లను వూస్టర్ కంపెనీ దగ్గరే కొంటుందని విమర్శ ఉంది. అది న్యాయమైన ప్రశ్నే. విరాళం ఇచ్చేవాళ్లు లెక్క అడగాలి. అడిగాక కూడా నేను ఇస్తున్నాను, ఎందుకంటే రీత్‌లు పెట్టే రోజు రాయి ముందు జరిగేది వ్యాపారం కాదు.

అక్కడ పద్ధతి ఇది. రిబ్బను పైకి ఉండేలా రీత్‌ను రాయికి ఆనించాలి. ఒక అడుగు వెనక్కి వేసి, రాయి మీది పేరు పైకి వినబడేలా చదవాలి. యూదుల నక్షత్రం చెక్కిన రాయి అయితే, కుటుంబం కోరితే తప్ప పెట్టకూడదు. వాళ్ల ఆచారం గులకరాయి పెట్టడం.

పేరు పైకి చదవమన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది తాడేపల్లిగూడెం దగ్గర. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన మిలిటరీ మాధవరం మాకు దగ్గరే. మా అమ్మమ్మ చిన్నాన్న రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదు. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు అమ్మమ్మ ఆయనకో పంచె పెట్టి, "సూరన్న చిన్నాన్నా, ఇది నీకు" అనేది. అమ్మమ్మ పోయాక మా ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లు లేకుండా పోయారు. వర్జీనియాలో ఎవరి కొడుకో తెలియని మనిషి పేరు నేను కూడబలుక్కుని చదువుతున్నప్పుడు, బర్మాలో మా చిన్న ముత్తాతకి ఇది ఎవరైనా చేస్తే బాగుండునని అనుకుంటాను.

వర్జీనియాలోనే ఆష్‌బర్న్, హెర్న్‌డన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. డిసెంబరు నడిమి శనివారం పిల్లల్ని తీసుకుని ఆర్లింగ్టన్‌కి రండి. ఈమధ్య యుద్ధాల్లో పోయినవాళ్లకు తల్లులు, భార్యలు, స్నేహితులు వస్తారు. మీరు 27వ విభాగానికి వెళ్లండి. పేరు పిల్లలచేత చదివించండి, తప్పు పలికినా పర్వాలేదు. జనవరిలో ఎండిన రీత్‌లు తీసేయడానికి కూడా వలంటీర్లు కావాలి. దానికీ రండి.