సస్పెన్షన్ విడిభాగాల పటుత్వ పరీక్ష: కంప్యూటర్ సిమ్యులేషన్

కారుతో వచ్చిన సస్పెన్షన్ భాగాలను తీసేసి, వాటి స్థానంలో బిగించుకోవడానికి ఇతర సంస్థలు తయారుచేసే కంట్రోల్ ఆర్మ్‌లు, స్ప్రింగులు, యాంటీ రోల్ బార్‌ల వంటివి ఆఫ్టర్‌మార్కెట్ విడిభాగాలు. రోడ్డు దెబ్బలకు ఇవి వంగుతాయా, పగులుతాయా అన్నది తయారు చేయకముందే లెక్కగట్టి చూసే పద్ధతి కంప్యూటర్ సిమ్యులేషన్.

దీని మూలాలు కారు కన్నా పాతవి. 19వ శతాబ్ది మధ్యలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు విరగడానికి కారణాలు పరిశోధించాడు. ఒక్కసారి పడితే ఏమీ చేయని భారం లక్షలసార్లు పడితే లోహాన్ని పగలగొడుతుందని నిరూపించాడు. ఇదే లోహపు అలసట. ఒక భాగంలో వివిధ దిశల్లో ఏర్పడే ప్రతిబలాలను బట్టి లోహం ఎప్పుడు శాశ్వతంగా వంగుతుందో తెలిపే సూత్రాన్ని 1913లో రిచర్డ్ ఫాన్ మీసెస్ ప్రతిపాదించాడు.

సంక్లిష్టమైన ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే మార్గాన్ని 1943లో రిచర్డ్ కూరాంట్ చూపాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన నిర్మాణాల కోసం దాన్ని ఇంజనీరింగ్ పద్ధతిగా మలిచారు. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరుపెట్టాడు. 1960లలో నాసా చేయించిన నాస్ట్రాన్, 1970లో జాన్ స్వాన్సన్ స్థాపించిన సంస్థ నుంచి వచ్చిన ఆన్సిస్ ప్రోగ్రాములతో ఈ పద్ధతి పరిశ్రమలకు చేరింది. లోహపు అలసట లెక్క కోసం, ఎగుడుదిగుడు రోడ్డు కలిగించే అస్తవ్యస్త భారాలను లెక్కకు అందే ఆవృత్తులుగా విడదీసే ‘రెయిన్‌ఫ్లో’ పద్ధతిని 1968లో జపాన్‌లో ఎండో, మత్సుయిషి రూపొందించారు. పగోడా కప్పుల మీదుగా జారే వాన నీటి పోలికతో దానికి ఆ పేరు వచ్చింది.

పరీక్షలో ముందుగా భాగం త్రిమితీయ నమూనాను వేల ముక్కల వలగా మారుస్తారు. గుంతలో పడడం, గట్టిగా బ్రేకు వేయడం, వేగంగా మలుపు తిరగడం వంటి సందర్భాల్లో చక్రం దగ్గర పుట్టే బలాలను దానిమీద ప్రయోగిస్తారు. వచ్చిన ప్రతిబలాన్ని లోహం శాశ్వతంగా వంగకుండా తట్టుకునే హద్దుతో పోలుస్తారు. 6061-టి6 అల్యూమినియంకు ఆ హద్దు సుమారు 275 మెగాపాస్కల్‌లు. ఒకే ఆకారంలో చేస్తే, అంతే భారానికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. అందుకే ఉక్కు ఆర్మ్‌కు బదులు అల్యూమినియంతో చేసేవి లావుగా ఉంటాయి.

కారు కంపెనీ రోడ్డుమీద కొలిచిన భారాల వివరాలు విడిభాగాల తయారీదారుకు సాధారణంగా అందవు. అతను అసలు భాగాన్ని స్కాన్ చేసి, భారాలను సొంతంగా కొలవాలి, లేదా అంచనా వేయాలి. భాగం బిగించే చోట కుదుపును పీల్చుకునే రబ్బరు బుష్‌కు బదులు గట్టి బుష్ వేస్తే దెబ్బ నేరుగా లోహానికి తగులుతుంది, లెక్క మారిపోతుంది. వెల్డింగ్ అతుకుల బలం, పోతలోని గాలి బుడగలు నమూనాలో సులభంగా పట్టుబడవు. అందువల్ల సిమ్యులేషన్‌లో నిలిచిన భాగాన్ని కూడా యంత్రంపై లక్షలసార్లు వంచి, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టడం మంచి తయారీదారుల పద్ధతి. బలహీనమైన డిజైన్లను కాగితం దశలోనే ఏరివేసి, ఈ ఖరీదైన యంత్ర పరీక్షల సంఖ్యను తగ్గించడమే సిమ్యులేషన్ ప్రధాన ప్రయోజనం.