బార్బెగాల్ పిండిమరల నమూనా: రాయి చెప్పినది, సున్నం చెప్పినది

దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ నగరానికి చేరువలో, బార్బెగాల్ అనే చోట కొండవాలు మీద రోమన్లు క్రీ.శ. 2వ శతాబ్దిలో కట్టిన పిండిమరల సముదాయంలో నేడు మొండిగోడలే మిగిలాయి గనుక, దాని పూర్వరూపాన్ని సందర్శకుల కళ్ళకు కట్టే భారం ఆర్ల్ పురావస్తు మ్యూజియంలోని చిన్న నమూనా మీద పడింది. 1937-39లో పురావస్తు శాస్త్రవేత్త ఫెర్నాండ్ బెన్వా జరిపిన తవ్వకాల వల్ల, మెట్లుమెట్లుగా దిగే రెండు వరుసల్లో, వరుసకు ఎనిమిది చొప్పున 16 నీటిచక్రాలు ఉండేవనీ, కాలువ నీరు పై చక్రాన్ని తిప్పి దాని దిగువ చక్రానికి చేరేదనీ తెలిసింది.

రాతికట్టడం వరకు ఇది నిశ్చయమే. కాని చక్రాలు, ఇరుసులు, అడ్డంగా ఉన్న ఇరుసు తిరుగుడును నిలువు కడ్డీకి మార్చి తిరగలి రాతికి అందించే పళ్ళచక్రాలు, నీటిని చక్రం మీదికి చేర్చే దోనెలు చాలామటుకు కొయ్యవి కావడం చేత ఏనాడో నశించాయి. పళ్ళచక్రాల అమరికకు రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ తన వాస్తు గ్రంథం పదవ భాగంలో చేసిన వర్ణన కొంత ఆసరా అవుతుంది. దోనెల విషయంలో అటువంటి ఆసరా లేదు.

ఆ లోటును తీర్చింది నీరే. మరలకు వచ్చిన నీటిలో సున్నపు పదార్థం అధికంగా కరిగి ఉన్నందున, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొరలాగా, తడిసిన కొయ్య మీద కాల్షియం కార్బొనేట్ పేరుకొంటూ పోయి, కొయ్య చివికిపోయాక దాని అచ్చును తనలో నిలుపుకొంది. తవ్వకాల్లో దొరికిన ఆ ముక్కలు దశాబ్దాల పాటు మ్యూజియంలో అంతగా ఎవరికీ పట్టకుండా ఉండిపోగా, గూల్ సుర్మెలిహిందీ, కేస్ పాస్కియర్ ప్రభృతి పరిశోధకులు వాటి పొరలను, వాటిలోని ఐసోటోపులను, అంటే ఒకే మూలకానికి చెంది బరువులో తేడా గల పరమాణువులను పరీక్షించి, మరలు ఏడాది పొడవునా తిరగలేదనీ, ఏటా కొన్ని నెలలు ఆగేవనీ 2018లో ప్రకటించారు. నగరానికి నిత్యం పిండి అందించిన మరలన్న పాత ఊహ దీనితో బలహీనపడింది; ఓడల ప్రయాణాల్లో చాలాకాలం నిల్వ ఉండే గట్టి రొట్టెలకు ఇక్కడి పిండి వాడి ఉండవచ్చునని వారి అభిప్రాయం. 2020లో వెలువడిన మరో పరిశోధనలో, దోనె తిన్ననిది కాదనీ, నడుమ వంగి రెండు వేర్వేరు వాలులతో ఉండేదనీ తేలింది.

కనుక ఇటువంటి నమూనాను పునరుద్ధరించడమంటే దుమ్ము దులిపి, ఊడిన పలకలను అతికించడమే కాదు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని చారిత్రక కట్టడాల విషయమై 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం విధించింది; ఆ నియమాన్ని నమూనాకు అక్షరాలా వర్తింపజేస్తే గోడలు తప్ప మరేమీ మిగలవు, అప్పుడు నమూనా ఎందుకో తెలియదు. దానికన్నా, ఆధారమున్న భాగాలకు ఒక కొయ్యను, ఊహించిన భాగాలకు రంగు వేరైన మరొక కొయ్యను వాడడం నిజాయితీగా ఉంటుంది. దోనెను తిన్నగా చూపే పాత నమూనాను సైతం చెరిపి దిద్దడం కంటే, ఒకనాటి పాండిత్యానికి సాక్ష్యంగా అట్లే ఉంచి, పక్కనే వంపు దోనెతో ఒక్క చక్రపు నమూనాను పెద్ద కొలతలో చేయడం మేలు. రోజుకు సుమారు 4.5 టన్నుల పిండి అన్న ప్రసిద్ధమైన అంచనాను వివరణ పలకపై రాసేటప్పుడు, అది మరలు తిరిగిన రోజుల లెక్కే తప్ప 365 రోజులతో హెచ్చించదగినది కాదని కూడా చేర్చాలి.