గాలి లెక్క – క్రేను భద్రత

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని సామెత. కళ్ళంలో రైతుకు గాలి ఆప్తబంధువు. క్రేను కింద నిలబడి పనిచేసే కూలీకి అదే గాలి మృత్యువు కావచ్చును. నేను ఇంజనీరును కాను. సర్కారు కచేరీలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసి రిటైరైనవాడిని. అయినా మన పిల్లలు, మనుమలు నేడు ఇరవై, ముప్పై అంతస్తుల భవనాలలో కాపురాలుంటున్నారు. వాటిని కట్టేటప్పుడు గాలిని ఎవరు కొలుస్తారు, ఎక్కడ కొలుస్తారు, కొలిచి ఏం చేస్తారు అన్న సందేహం నాకు చాలా కాలంగా ఉంది. చదివి తెలుసుకున్న విషయాలను ఈ ప్రత్యేక సంచిక ద్వారా తోటి సభ్యుల ముందుంచుతున్నాను.

గిన్నెల యంత్రం

గాలి వేగాన్ని కొలిచే సాధనాన్ని ఎనిమోమీటరు అంటారు. వాతావరణ కేంద్రాల డాబాల మీద గిరగిర తిరిగే చిన్న గిన్నెలను మీరు చూసే ఉంటారు. ఐర్లండులోని ఆర్మా వేధశాలలో పనిచేసిన డాక్టర్ రాబిన్‌సన్ 1846లో దీనిని నాలుగు గిన్నెలతో రూపొందించారు. గిన్నెలు ఎంత పెద్దవైనా, వాటి చేతులు ఎంత పొడవైనా, గాలి వేగంలో మూడవ వంతు వేగంతో తిరుగుతాయని ఆయన నమ్మారు. ఆ లెక్క సరికాదని, గిన్నె సైజును బట్టి, చేతి పొడవును బట్టి అది మారుతుందని తరువాతి వారు తేల్చారు. 1926లో కెనడాకు చెందిన పాటర్సన్ మూడు గిన్నెల పద్ధతి తెచ్చారు. నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే. ఏ యంత్రాన్నైనా పరీక్షించి సరిచూడనిదే దాని అంకెను నమ్మరాదన్నది ఇందులో మొదటి పాఠం.

రెండు వంతెనలు

గాలి లెక్క కట్టడాల ఇంజనీర్లకు నిజంగా తలకెక్కింది ఒక వంతెన ప్రమాదం తరువాతనే. స్కాట్లండులో టే నది మీది రైలు వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుఫాను గాలిలో కూలిపోయింది. దాని మీద పోతున్న రైలు నదిలో పడింది. ఒక్కరూ బతకలేదు. గాలి తోపుడుకు ప్రత్యేకంగా ఏమీ లెక్క వేయలేదని ఆ వంతెన రూపకర్త థామస్ బౌచ్ విచారణలో ఒప్పుకున్నారు. రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ మూడింటిలోనూ లోపాలున్నాయని విచారణ సంఘం తేల్చింది. మరుసటి సంవత్సరమే బౌచ్ కన్నుమూశారు.

ఆ తరువాత ఫోర్త్ నది మీద వంతెన కట్టే పని ఫౌలర్, బేకర్ అనే ఇంజనీర్లకు దక్కింది. చదరపు అడుగుకు 56 పౌన్ల గాలి ఒత్తిడికి తట్టుకునేలా దానిని కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. బేకర్ అంతటితో ఊరుకోలేదు. వంతెన వచ్చే చోటనే, నది మధ్యనున్న ఇంచ్‌గార్వీ అనే చిన్న దీవి మీద గాలి ఒత్తిడిని కొలిచే పలకలు నిలబెట్టారు. ఒకటి 300 చదరపు అడుగుల పెద్ద పలక, మిగిలినవి చదరపు అడుగున్నర చిన్న పలకలు. పెద్ద పలక మీద చదరపు అడుగుకు పడే ఒత్తిడి చిన్న పలక మీద పడినదానికన్నా తక్కువగా కనిపించింది. అంటే గాలి విసురు పెద్ద వైశాల్యమంతటా ఒకే క్షణాన ఒకే బలంతో తాకదు. ఎక్కడో ఉన్న కేంద్రం అంకెలతో సరిపెట్టుకోకుండా, పని జరిగే చోటనే కొలవాలన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. సదరు వంతెన 1890లో ప్రారంభమై నేటికీ రైళ్ళను మోస్తూ ఉంది.

మిల్వాకీ, మక్కా

వంతెన ఉన్నచోట నిలబడి గాలిని ఎదుర్కొంటుంది. క్రేను సంగతి వేరు. అది గాలిలో ఊగే బరువును మోస్తూ కదులుతుంది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో బేస్‌బాల్ స్టేడియం కడుతుండగా 1999 జూలై 14న, 'బిగ్ బ్లూ' అని పిలిచే 567 అడుగుల క్రేను 450 టన్నులకు పైబడిన కప్పు భాగాన్ని ఎత్తుతూ కూలిపోయింది. మరొక క్రేనుకు వేలాడదీసిన తొట్టెలో నిలబడి ఉన్న ముగ్గురు ఇనుప పనివారు మరణించారు. ఆ రోజు గాలి విసురు గంటకు 20 మైళ్ళు దాటింది. క్రేను మీద పడే గాలి ఒక ఎత్తు, పైకెత్తిన బరువు మీద పడే గాలి మరొక ఎత్తు. తెరచాప లాంటి ఆ కప్పు భాగం మీద పడే గాలి తోపుడును లెక్కలోకి తీసుకోలేదని తరువాత తేలింది.

2015 సెప్టెంబరు 11న, హజ్ యాత్రకు కొద్ది రోజుల ముందు, మక్కా మసీదులో కూలిన క్రేను అప్పుడు ఏ బరువూ ఎత్తడం లేదు. ఉరుములతో కూడిన గాలివానకు పడిపోయి నూరు మందికి పైగా యాత్రికులను బలిగొన్నది. మృతులలో మన దేశస్థులూ ఉన్నారు. పని లేనప్పుడు బూమ్‌ను కిందికి దించి ఉంచవలసినదని విచారణలో తేలింది. కనుక పని ఆగినంత మాత్రాన గాలితో పని తీరదు. టవర్ క్రేను డ్యూటీ ముగిశాక దాని చెయ్యిని బిగించి వదలరాదు. గాలి వాలుకు స్వేచ్ఛగా తిరిగేలా విడిచిపెట్టాలి.

సాధనం ఎంపిక

ఇక యంత్రం కొనే సంగతి. మొదట ఒక చిన్న లెక్క చూడండి. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 36 కి.మీ. గాలి చదరపు మీటరుకు దాదాపు 6 కిలోల బలంతో తోస్తే, 72 కి.మీ. గాలి దాదాపు 24 కిలోలతో తోస్తుంది. పన్నెండు చదరపు మీటర్ల సెంట్రింగు పలకకు మొదటిది 72 కిలోలు, రెండవది సుమారు 290 కిలోలు. సాధారణంగా టవర్ క్రేను పని ఆపవలసిన హద్దు గంటకు 72 కి.మీ. అయినా, తయారీదారు పట్టికలో ఇంకా తక్కువ ఉంటే దానినే పాటించాలి. పలకల్లాంటి వెడల్పు బరువులకు ఇంకా ముందే ఆపాలి.

కింద నిలబడి చేతిలో పట్టుకునే చిన్న మీటరు చాలదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పెరుగుతుంది కనుక యంత్రం క్రేను పైభాగాన, చుట్టూ అడ్డులేని చోట ఉండాలి. పది నిమిషాల సగటు మాత్రమే చూపేది పనికిరాదు. మూడు సెకండ్ల విసురును పట్టగలగాలి. వేసవి సాయంత్రాలలో మన వైపు వచ్చే గాలిదుమారం ముందుగా చెప్పి రాదు గదా! అంకె ఆపరేటరు కంటి ముందు కనిపించాలి, హద్దుకు ముందే ఒక హెచ్చరిక, హద్దు వద్ద మరొక గంట మోగాలి. గిన్నెల యంత్రం చవక, బాగుచేయడం తేలిక; కానీ దుమ్ము పట్టి బేరింగు బిగిస్తే తక్కువ చూపుతుంది. ధ్వని తరంగాలతో కొలిచే కొత్త రకంలో తిరిగే భాగాలుండవు, దిశ కూడా తెలుస్తుంది, ధర ఎక్కువ. ఏది కొన్నా నిర్ణీత కాలానికి సరిచూపించిన సర్టిఫికెట్టు ఉండాలి.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నాలకు 50 మీటర్లు అని గాలి వేగం ఇచ్చారు. అది భవనం ఎంత బలంగా కట్టాలన్న ప్రశ్నకు జవాబు. ఈ పూట ఈ బరువును ఎత్తవచ్చునా అన్న ప్రశ్నకు క్రేను మీది యంత్రమే జవాబు చెప్పాలి.

గుమాస్తాగా ఒక్కమాట చేరుస్తాను. ఉత్తర్వు వేసే అధికారి లేని నోట్ ఫైలు ఎంత బాగా రాసినా బీరువాలోనే ఉండిపోతుంది. గాలి అంకె కూడా అంతే. హద్దు దాటగానే పని ఆపే అధికారం ఆపరేటరుకు రాతపూర్వకంగా ఉండాలి. ఆ పూట కూలి కోత పడుతుందని, మేస్త్రీ కోప్పడతాడని అతడు భయపడే స్థితి ఉండరాదు. ఆపిన సమయం, అంకె, సంతకం రిజిస్టరుకెక్కాలి.

మన సభ్యులలో కొందరు అపార్టుమెంటు కమిటీలలో ఉన్నారు; కొందరు పిల్లల కోసం ఫ్లాట్లు బుక్ చేస్తున్నారు. సైటు చూడబోయినప్పుడు టైల్సు, లిఫ్టుల సంగతితో పాటు మూడు ప్రశ్నలు వేయండి: గాలి మీటరు ఎక్కడ పెట్టారు? ఎంత వేగం వద్ద పని ఆపుతారు? ఆపేది ఎవరు? పొట్టకూటికి ఊరు విడిచి వచ్చి పైన పనిచేస్తున్న కూలీ ఈ ప్రశ్నలు అడగలేకపోవచ్చు. కొనేవారు అడిగితే బిల్డరు జవాబు చెప్పక తప్పదు.