మరియాచి: పెళ్లిలో పుట్టని మాట

పాత మెక్సికన్ ఎల్పీ రికార్డుల అట్టల మీద పెద్ద అంచుల టోపీలు, వెండి గుండీల కోట్లతో పాటు తరచూ కనిపించే మాట ‘మరియాచి’. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం, దాని చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన ఈ సంగీతానికీ, వాయించే మేళానికీ, అందులోని వాద్యగాడికీ కూడా ఇదే పేరు.

దీని పుట్టుక గురించి చాలాకాలం ఒక కథ చెప్పుకున్నారు. 1860లలో మెక్సికో మీదికి దండెత్తి వచ్చిన ఫ్రెంచివాళ్లు పెళ్లిళ్లలో ఈ మేళం విన్నారట. వాళ్ల భాషలో పెళ్లి అంటే ‘మరియాజ్’. అదే నోళ్లలో నలిగి మరియాచి అయిందట. కథ బాగానే ఉంది, తేదీయే కుదరలేదు. ఫ్రెంచి సేనలు రాకముందే, 1852లో, రొసామొరాదా ఊరి చర్చి గురువు కోస్మే శాంతా ఆనా బిషప్పుకు ఒక ఉత్తరం రాశారు. తాగుబోతులూ జూదగాళ్లూ గుర్రాల మీద ఊరేగుతూ చేసే గోలను ఇక్కడ ‘మరియాచీలు’ అంటారని అందులో వాపోయారు. మాట స్థానిక తెగల భాషల్లోంచి వచ్చిందని కొందరు పండితుల ఊహ. అదీ తేలలేదు.

కొకూలా ఊరి నలుగురు వాద్యగాళ్లు 1908లో రికార్డులిచ్చినప్పుడు మేళంలో ట్రంపెట్ లేదు. రెండు వయొలిన్లు, చిన్న గిటార్ లాంటి విహుయేలా, బొర్ర గిటార్ గితార్రోన్, అంతే. రేడియో, సినిమాల కాలంలో ట్రంపెట్ చేరింది. ఎల్పీ మీద ముల్లు పెట్టగానే చిరచిరల వెనక నుంచి గితార్రోన్ దిమ్మంటుంది: ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో, రెండు తీగలు కలిపి మీటుతారు మరి.

ఇక ‘మరియాచి బ్యాండ్’ అనడం ‘గేటు తలుపు’ అన్నట్టే. మరియాచి అంటే చాలు, మేళం వచ్చేసినట్టే.